శత్రువు వచ్చిన విందు

ఆ ఉదయం వనజ అందరికంటే ముందు లేచి, ప్రార్థన చేసుకుని, కోడికూరకి ఉల్లిపాయలు తరగడానికి కూర్చుంది. కాశీబుగ్గలో కట్టుకున్న సొంత ఇంటికి ఆ రోజే ప్రతిష్ఠ. ఇల్లంటే రెండు గదులూ ఒక హాలూ. అయినా ఆమెకి అది కోటే. హాల్లో గోడ మీద ఎర్ర రంగుతో వాక్యం రాయించింది. సంఘంలో అందరూ ఇంటిల్లిపాదీ దేవుణ్ణి సేవిస్తామన్న వాక్యం రాయించుకుంటారు. వనజ మాత్రం బైబిల్లోని కాపరి కీర్తనలోంచి, శత్రువుల ఎదుట దేవుడు భోజనం సిద్ధం చేస్తాడన్న ముక్క ఒక్కటే పట్టుకుంది.

"ముందు ముక్క కూడా రాద్దామమ్మా, పచ్చికా నీళ్లూ ఉన్నాయి కదా అందులో" అన్నాడు పెయింటరు.

"నాకు పచ్చికొద్దు" అంది వనజ.

ఎందుకొద్దో ఆమె మొగుడు ఆరోన్‌కి తెలుసు. ఎనిమిదేళ్ల కిందట అతని అన్న కొడుకు పెళ్లి విందులో వనజ మొదటి బంతిలో కూర్చుంది. అప్పట్లో ఆమె జీడిపిక్కలు కొట్టే పనికి పోయేది. పిక్కల చమురుకి వేళ్లు నల్లబడి, తోలు ఊడి ఉండేవి. పెద్ద తోటికోడలు ఫ్లోరెన్స్ అది చూసింది.

"ఆ సేతులు పెళ్లికూతురోలు సూత్తే ఏటనుకుంటారు? లెగు. ఆకరి బంతిలో తిందువుగాని" అని, పదిమందిలో విస్తరి ముందునుంచి లేపేసింది. కలిపిన ముద్ద విస్తట్లోనే ఉండిపోయింది.

ఇంటికొచ్చి ఏడుస్తూ బైబిలు తెరిస్తే ఆ వాక్యం దొరికింది. అది దేవుడు తనకే ఇచ్చిన వాగ్దానమని వనజ నమ్మింది. దేవుడు మాట తప్పడు. ఒకనాటికి తనకి ఇల్లిస్తాడు, బల్ల వేయిస్తాడు, ఆ ఫ్లోరెన్స్‌ని ఎదుట కూర్చోబెడతాడు, తను తింటుంటే అది చూస్తుంది. ఇదీ ఆమె విశ్వాసం! పగకి బైబిలు అట్ట వేసుకుంటే ఎన్నేళ్లయినా మోయొచ్చు, పైగా భక్తురాలని పేరు కూడా వస్తుంది.

"మావా, ఆ కుర్చీ నాకు సరిగ్గా ఎదురుగా ఎయ్యి" అంది మొగుడితో.

"వనజా, వదినకి ఒంట్లో..."

"బాగోనేదా? మరీ మంచిది. కదలకుండా కూకుంటాది."

"ఒక్కమాట సెప్పనియ్యవే."

"ఇన్నేళ్లూ నాను నోరు మూసుకున్నాను. ఈ ఒక్క రోజూ నువ్వు మూసుకో."

ఆరోన్ కుర్చీ వేసి బయటికి పోయాడు.

ఆనందరావు పాస్టరుగారు వచ్చి రిబ్బను కత్తిరించి, గదిగదికీ తిరిగి ప్రార్థన చేశారు. ప్రార్థన అయ్యేవేళకి ఫ్లోరెన్స్ ఆటో దిగింది. సుమ్మాదేవి స్టేషన్లో రైలుబండెక్కి ఒక్కర్తే వచ్చిందట. ఒకప్పుడు పట్టుచీర ఫెళఫెళలాడించుకుంటూ నడిచిన మనిషి, ఇప్పుడు వాచిన కాళ్లతో గోడ పట్టుకుని మెట్లెక్కింది. మొహం నల్లగా కమిలిపోయింది. వనజ ముందు గుర్తుపట్టలేదు. పట్టాక సంతోషించింది. ఎందుకు దాచాలి, కడుపు నిండా సంతోషించింది.

"రా అక్కా, నీ కోసమే ఈ కుర్చీ."

ఫ్లోరెన్స్ గోడమీది వాక్యం నిదానంగా చదువుకుని కూర్చుంది. వనజ ఆమె కంచంలో పలావు, కోడికూర, జీడిపప్పు కూర గుట్టగా వడ్డించి, తనూ ఎదురుగా కూర్చుంది. అందరికీ వినపడేలా గొంతెత్తింది.

"ఇది నా సాచ్చం. ఇనండి. ఈయమ్మ నన్ను విస్తరి దగ్గర లేపీసింది. ఈరోజు దేవుడు నా బల్ల దగ్గరికి ఈయమ్మనే తెచ్చేడు!"

ఫ్లోరెన్స్ తల వంచుకుంది. కంచంలో చెయ్యి పెట్టలేదు.

"తినక్కా. నా సేతి కూడు నీకు గొంతు దిగదా?"

"నాను తినకూడదమ్మా. కిడ్నీలు పోయాయి. ఈ పక్కనే పలాస ఆసుపత్రిలో డయాలసిస్ సేయించుకుంతన్నాను. ఉప్పు కూడదు, మసాలా కూడదు. నీళ్లు కూడా కొలుసుకునే తాగాలి."

వనజ మొగుడి వైపు చూసింది. ఆరోన్ నేల చూపులు చూశాడు.

"మరెందుకొచ్చేవు?"

"నువ్వు పిలిసేవు కదా. ఎందుకు పిలిసేవో కూడా తెలుసు. ఏ వాక్యం పట్టుకున్నావో ఆరోన్ ఎప్పుడో సెప్పేడు." ఫ్లోరెన్స్ కాస్త ఊపిరి తీసుకుంది. "మంచం మీద నానూ అదే కీర్తన సదివీదాన్ని. నా శత్రువు ఎవులా అనుకుంటే నీ మొగమే అగుపడీది. ఆ పిల్ల నాకేటి సేసిందని ఎతికేను. ఏటీ నేదు. సేసిందంతా నానే. ఆ మాటలో నా సోటు తినీవోలి దగ్గర కాదు, ఎదుట కూకున్న శత్రువుల్లో అని అప్పుడు తెలిసింది. నాను రాకపోతే నీ వాగ్దానం ఎలగ నెరవేరతాది? నువ్వు తిను వనజా. నాను సూత్తాను."

వనజ ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. ఏళ్ల తరబడి మోకాళ్ల మీద అడిగినదంతా అక్షరం పొల్లుపోకుండా దేవుడు ఇచ్చేశాడు. ఆ ముద్ద మాత్రం గొంతు దిగలేదు. తను నమ్మింది దేవుణ్ణా, తన పగనా? ఆ ప్రశ్న తగిలేసరికి ఆమెకి ఏడుపు ఆగలేదు.

ఆనందరావుగారు క్షమాపణ గురించి ఏదో చెప్పబోయి, అది మాని చెంబుతో నీళ్లు అందించారు.

వనజ చెయ్యి కడుక్కుని, చెంగుతో మొహం తుడుచుకుంది. "నీకు ఏటి పడతాదక్కా?"

"తెల్లన్నం. గుడ్డు తెల్లసొన. ఇంకేటీ వద్దమ్మా."

కాసేపటికి వంటింట్లోంచి వేడన్నం, ఉడికించిన తెల్లసొన తెచ్చి ఆమె ముందు పెట్టింది. ఫ్లోరెన్స్ ఆ అన్నం వైపే చూస్తూ, "నన్ను చమించేవా?" అంది.

"ఇప్పుడే అవునంటే అబద్ధమవుతాది" అంది వనజ. "ఆసుపత్రికి వచ్చినప్పుడల్లా మద్దేనం ఇక్కడికే రా. సప్పగా వండి ఉంచుతాను. వండుతూ వండుతూ ఉంటే ఎప్పటికో ఆ చమించడం కూడా దేవుడే సేయిత్తాడు."

ఫ్లోరెన్స్ ముద్ద ఎత్తబోయింది. కళ్లు ధారలు కట్టాయి. వనజ ముందుకి వంగి, ఆమె గడ్డం కింద తన చెంగు పట్టింది.

"ఏడవకక్కా, కూట్లో ఉప్పు పడిపోతాది."