మేడ మీద రాతి రేడియో

"ఏవండీ! ఏవండీ! అది దండెం కాదండీ!"

పక్క డాబా మీంచి వచ్చిన కేకకి చౌడేశ్వరి చేతిలోని, చుట్టగా కట్టిన తడి నూలు చిలప జారిపోబోయింది. అప్పటికే ఎర్రరంగు చిలపలు తీగ పొడుగునా వేలాడుతూ గోడ మీదకి నీళ్ళు కారుస్తున్నాయి.

"దండెం కాకపోతే మా డాబా మీద ఎందుకుందండీ?"

"అది ఏరియల్ అండీ, నా రేడియోకి కట్టిన తీగ. మీ నాన్నగారిని అడిగే కట్టాను. మీ నూలు తడికి నా పాట కాస్తా గోడలోంచి భూమిలోకి దిగిపోయింది. మంచి కీర్తన మధ్యలో!"

"ఆరాక తీస్తాను. అందాకా మీరే పాడుకోండి."

అతను గట్టిగా నవ్వేశాడు. చౌడేశ్వరి మొహం తిప్పుకుంది. తనతో ఎవరైనా అలా నవ్వి చాలా కాలమైంది.

బెజవాడ వన్ టౌన్‌లో జౌళి వ్యాపారి వెంకటప్పయ్య కూతురామె. పదమూడో ఏట పెళ్ళయింది. ఆ నెలలోనే పెళ్ళికొడుకు రంగూన్ ఓడెక్కాడు. యుద్ధంలో అక్కడ బాంబులు పడితే, అడవుల దారిన నడిచొస్తూ మధ్యలోనే పోయాడని కబురొచ్చింది. మొహమైనా సరిగ్గా గుర్తులేని మనిషి కోసం ఆమె బొట్టు తుడిచేశారు. అప్పట్నుంచి పెళ్ళిళ్ళకి పిలుపు లేదు, కచేరీలకి వెళ్ళడం లేదు. ఇరవై ఒకటో ఏట ఆమెకి మిగిలింది ఈ డాబా, రంగు నూలు, మేనత్త సంపూర్ణమ్మ.

మర్నాడు సాయంత్రం అతను పిట్టగోడ దగ్గరికి ఒక చెక్కపెట్టెతో వచ్చాడు. పేరు మార్కండేయులు, హైస్కూల్లో సైన్సు మేష్టారు.

"నిన్న అరిచినందుకు క్షమించండి. ఇదిగో, ఒకసారి వినండి."

సంపూర్ణమ్మ నూలు చుడుతూ కళ్ళద్దాల మీంచి చూసి, "వినవే, కొరకదులే," అంది.

పెట్టెలో అట్టగొట్టానికి చుట్టిన రాగితీగ, మెరిసే నల్లరాయి ముక్క, దాని మీద ఆనుతూ వెంట్రుకంత సన్నని తీగ, పక్కన చెవికి పెట్టుకునే గొట్టం ఉన్నాయి.

"కరెంటేదండీ? బ్యాటరీ?"

"రెండూ లేవండీ. కొత్తగా వచ్చిన రేడియో స్టేషన్ దగ్గర్లోనే ఉందిగా. గాల్లో వచ్చే అలే దీనికి తిండి."

"ఈ రాయెందుకు మరి?"

మార్కండేయులు మొహం వెలిగిపోయింది. "ఈ చెవిగొట్టంలో పల్చటి ఇనపరేకు ఉందండీ. స్టేషన్ నుంచి వచ్చే అల దాన్ని ఒక క్షణం తోస్తుంది, మరుక్షణం లాగుతుంది. సెకనుకి లక్షలసార్లు. పాపం, రేకు ఎటూ కదల్లేదు. ఈ రాయి మాత్రం తీగ మొన ఆనిన చోట కరెంటుని ఒక్కవైపే పోనిస్తుంది. లాగడం ఆగిపోతుంది, తోపులే మిగుల్తాయి. పాడేవాళ్ళ గొంతు హెచ్చితే తోపూ హెచ్చుతుంది, తగ్గితే తగ్గుతుంది. దానికి తగ్గట్టు రేకు ఆడుతుంది. మనకది పాట."

"ఏది పోనివ్వాలో రాయికెలా తెలుసు?"

"నాకూ పూర్తిగా తెలీదండీ. అంతటా పనిచెయ్యదు కూడా. మంచి చోటు వెతుక్కోవాలి. వీధిలో బండి పోయి గోడ అదిరినా మొన జారిపోతుంది."

అతను తీగని రాయి మీద అటూ ఇటూ కదుపుతుంటే, చౌడేశ్వరి పెట్టుకున్న చెవిగొట్టంలో గరగరమంది. ఉన్నట్టుండి ఒక ఆడగొంతు, తన కోసమే పాడుతున్నంత దగ్గరగా. కళ్ళలో నీళ్ళు అత్తకి కనబడకుండా ఆమె తల వంచుకుంది.

తర్వాత సంపూర్ణమ్మ చెవికి పెట్టుకుని, "ఎవరే తల్లీ, ఇంత పెట్టెలో ఊపిరాడుతోందా నీకు?" అనడిగింది. ముగ్గురూ నవ్వారు.

అలా వేసవి గడిచింది. సాయంత్రం అతను మొన సరిచేసేవాడు, ఆమె వినేది. చీరాలలో పెద్దమ్మ తప్ప అతనికీ ఎవరూ లేరు. "బళ్ళో రోజంతా అరుస్తానండీ. గదికొస్తే నాతో నేను కూడా మాట్లాడను," అన్నాడొకసారి.

ఒకనాడు అతనే అడిగాడు. "మీరు బొట్టు..." సగంలో ఆగిపోయాడు. చౌడేశ్వరి ఓడ సంగతీ, అడవి సంగతీ దాచకుండా చెప్పింది. పెట్టె తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. గది తలుపుకి తాళం. తొలకరి మొదలై డాబా అంతా తడిసింది. నూలు లోపలే ఆరేస్తున్నా, చౌడేశ్వరి ఏదో వంకతో పైకొచ్చి వానలో ఖాళీ తీగకేసి చూసేది. ఇన్నేళ్ళ ఒంటరితనం అలవాటైపోయింది. ఇది మాత్రం కొత్తది, దీని బరువు వేరు.

వాన వెలిసిన ఒక సాయంత్రం మార్కండేయులు పిట్టగోడ దగ్గర కనిపించాడు. చేతిలో కొత్త పెట్టె.

"మద్రాసు వెళ్ళొచ్చానండీ. యుద్ధం సామాన్లు అమ్మేచోట దొరికింది." పెట్టె తెరిచి చూపించాడు. రాయి లేదు. దాని చోట బియ్యపుగింజ కన్నా కాస్త పెద్ద గాజుగొట్టం, రెండు కొసలా తీగలు. "జెర్మేనియం డయోడ్. పని అదే, కరెంటుని ఒకవైపే పోనిస్తుంది. కాని మొన లోపలే బిగించేశారు. వెతుక్కోనక్కర్లేదు, జారదు. నన్ను అవనిగడ్డకి బదిలీ చేశారండీ. ఇక నేను లేకపోయినా మీకు పాట వినిపిస్తుంది."

"మీకో?"

"అంత దూరం ఈ స్టేషన్ దీనికి అందదండీ."

చౌడేశ్వరి పెట్టె అందుకోలేదు. "ఒంటరిగా ఉండటం నాకు ఎప్పట్నుంచో వచ్చు మేష్టారూ. దానికి మళ్ళీ మిషనెందుకు? నా సంగతి తెలిసి వెళ్ళిపోతున్నానని చెప్పండి చాలు."

"అయ్యో, అది కాదండీ!" అతను పెట్టెని పిట్టగోడ మీద పెట్టేశాడు. "ఆ రోజు మిమ్మల్ని పెళ్ళిచేసుకుంటానని అనబోయాను. జాలిపడి అన్నాననుకుంటారేమోనని భయమేసింది. జాలి కాదండీ. మీరు వింటుంటే చూడకుండా నాకు పొద్దు గడవదు."

ఆమె పిట్టగోడ దగ్గరికి ఇంకో అడుగు వేసింది. వెనకనుంచి సంపూర్ణమ్మ ముక్కు చీదిన చప్పుడైంది. ఆవిడ అప్పుడే కిందికి నడిచింది, తమ్ముడి దగ్గరికి.

"ఒరే వెంకటప్పయ్యా, అది ఎవడితో కాపురం చేసిందని ముండమోయించాం? నీ తర్వాతా, నా తర్వాతా దానితో మాట్లాడేదెవర్రా?"

వెంకటప్పయ్య ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు పొద్దున్నే పక్కింటి మెట్లెక్కి, "మీ పెద్దమ్మగారిని పిలిపించండి బాబూ," అని ఒక్కమాట చెప్పి దిగి వచ్చాడు. వాకిట్లో నిలబడ్డ కూతుర్ని చూసి ఆగాడు.

"అవనిగడ్డలో రేడియో వినిపించదటగా. పొద్దెలా పుచ్చుతావమ్మా?"

"మాట్లాడుకుంటాం నాన్నా," అంది చౌడేశ్వరి.