రేణు వీడియోల కేసు

ఉదయం తొమ్మిదింటికి అమెరికాలోని ఆష్‌బర్న్‌లో డిటెక్టివ్ ఇంద్రజ ఆఫీసుకు వచ్చిన కృష్ణమోహన్ కుర్చీలో కూర్చోలేదు. పట్టుసంచి తాడు విప్పి, ఫైళ్లు దాచుకునే అగ్గిపెట్టెంత ఎస్ఎస్‌డీ డ్రైవ్‌ను తీసి బల్లమీద పెట్టాడు.

"నా బావమరిది నాకు నకిలీ సరుకు అంటగట్టాడు. రుజువు కావాలి."

అతని భార్య రేణు పోయి నాలుగు నెలలైంది. పదకొండేళ్లుగా ఆమె తీసిన వీడియోలన్నీ ఒకే పాత లాప్‌టాప్‌లో ఉన్నాయి. దాని ప్రాణం నేడో రేపో పోతుందనీ, లోపలి డిస్క్ విడిగా తీయడం కుదరదనీ రిపేరు షాపువాడు తేల్చేశాడు. రేణు తమ్ముడు జగదీష్ ఈ డ్రైవ్ తెచ్చిచ్చాడు. కాపీ మొదట గుర్రంలా పరుగెత్తుతుంది. పది నిమిషాలకల్లా నత్తనడక. ఇంకా పందొమ్మిది గంటలు పడుతుందని చూపిస్తుంది. లాప్‌టాప్ అంతసేపు బతకదు.

"నకిలీది ఇచ్చేంత కోపం ఆయనకు మీమీద ఎందుకు?" అడిగింది ఇంద్రజ.

"వాళ్లక్కను నేను షోకేసులో బొమ్మలా దాచిపెట్టానట. ఎవరితోనూ కలవనివ్వలేదట. ఫ్యూనరల్ హోమ్‌లో అందరిముందూ అన్నాడు."

అసిస్టెంట్ ఫణి డ్రైవ్‌ను ఆఫీసు కంప్యూటర్‌కు తగిలించి అరగంట కాపీ చేశాడు. వేగం తగ్గలేదు.

"ఒరిజినలే మేడమ్. కేబుల్ కూడా మంచిదే."

"అయితే దొంగ ఇంట్లోనే ఉన్నాడు," అంటూ ఇంద్రజ కోటు అందుకుంది.

ఆ మాట కృష్ణమోహన్‌కు నచ్చలేదు. డ్రైవ్‌ను సంచిలో పెట్టి తాడు బిగించాడు.

కృష్ణమోహన్ ఇంట్లో సోఫాకు ప్లాస్టిక్ కవరు, టీవీ రిమోట్‌కు పాలిథిన్ తొడుగు. కూతురు నైనిక కబురు చేస్తే జగదీష్ వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. కృష్ణమోహన్ సంచి మూతి కాస్త వదులుచేసి, కేబుల్ తగిలించి, కాపీ మొదలుపెట్టాడు.

"ఈ లాప్‌టాప్‌ను ఎవరెవరు ముట్టుకుంటారు?" ఇంద్రజ అడిగింది.

"నేనొక్కడినే."

"నన్ను కూడా టచ్ చేయనివ్వరు ఆంటీ," అంది నైనిక.

"జగదీష్ గారూ, మీరేమంటారు?"

"మా అక్క గొంతు దాచుకోడానికి నేను డూప్లికేట్ ఇస్తానా మేడమ్? బావ ఏమైనా అనగలడు."

పది నిమిషాలు గడిచాయి. వేగం పడిపోయింది.

"చూశారా!" కృష్ణమోహన్ లేచాడు.

ఇంద్రజ స్క్రీన్ వైపు చూడలేదు. సంచిలో చెయ్యి పెట్టి, వెంటనే తీసేసింది. నైనికనూ పెట్టమంది.

"ఓ మై గాడ్ నాన్నా, కాలిపోతోంది!"

ఇంద్రజ అందరినీ దగ్గరికి పిలిచింది.

"ఆగకుండా రాస్తుంటే డ్రైవ్ వేడెక్కుతుంది. వేడి మితిమీరితే, పాడైపోకుండా తనే వేగం తగ్గించుకుంటుంది. మా ఆఫీసులో బల్లమీద ఒట్టిగా ఉంది కాబట్టి పరుగెత్తింది. ఇక్కడ సంచిలోంచి బయటికి తీయనేలేదు. రిమోట్‌కు కూడా తొడుగు వేసే ఇల్లు ఇది. ఆ సంచి ఎవరు కుట్టారు?"

నైనిక తలదించుకుంది.

"నేనే," అన్నాడు కృష్ణమోహన్. "రేణు పెళ్లిచీర చెంగు. గీతలు పడకూడదని లోపల దూది పెట్టాను."

"మేడమ్, మీకు ఆఫీసులోనే తెలుసా?" ఫణి కళ్లు పెద్దవయ్యాయి.

"తాడు బిగించడం నువ్వూ చూశావుగా. కృష్ణమోహన్ గారూ, ఒక స్టీలు కంచం తెండి. వేడి లాగేస్తుంది."

నాలుగు నెలలుగా ఆ ఇంట్లో పేపర్ ప్లేట్లే. అలమరలో ఉన్నది రేణు తిన్న కంచం ఒక్కటే. అతను దాన్ని తెచ్చి బోర్లించి, డ్రైవ్‌ను సంచిలోంచి తీసి దానిమీద పెట్టాడు. కాసేపటికి స్క్రీన్‌మీద పందొమ్మిది గంటలు కాస్తా నలభై నిమిషాలకు తగ్గాయి.

క్షమించమనే మాట కృష్ణమోహన్‌కు అలవాటు లేదు. రేణుతోనూ ఎన్నడూ అనలేదు. అతను సోఫా దగ్గరికి వెళ్లి ప్లాస్టిక్ కవరును చర్రున ఊడలాగాడు.

"కూర్చో జగదీష్."

జగదీష్ కూర్చోలేదు. "నాకో కాపీ పంపించు నైనికా," అని వెళ్లిపోయాడు. ఇంద్రజ, ఫణి కూడా సెలవు తీసుకున్నారు. నైనిక తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

కృష్ణమోహన్ ఆ కంచం ముందు కూర్చున్నాడు, ఎవరో వడ్డిస్తారన్నట్టు. ఇంకా ముప్ఫై ఆరు నిమిషాలుంది.