మూడో అంతస్తు మెట్ల మీద గొంతు

రంగూన్‌లో నది ఒడ్డుకి దిగే సందుల్లో ఒకదానిలో, గోడలో రావిమొక్క మొలిచిన నాలుగంతస్తుల పాత మేడ ఒకటుంది. ఆ మేడ మెట్లకి పేరు మంచిది కాదు.

కరెంటు ఉన్నంతసేపూ ఏమీ లేదు. కరెంటు పోయిందా — రంగూన్‌లో అది పోకుండా ఎప్పుడుంటుంది గనక — మూడో అంతస్తు దగ్గర ఒక గొంతు మొదలవుతుంది. సన్నగా... ఊపిరితోనే మాట్లాడుతున్నట్టు. ఏమంటుందో ఎవరూ సరిగ్గా చెప్పలేరు, రెండోసారి వినడానికి ఎవరూ నిలబడలేదు కాబట్టి. దానికి బదులు పలికితే మనిషి మర్నాటికి ఉండడంటారు. అలా ఎవరు పోయారని అడిగితే, అడిగినవాళ్ళని ఎగాదిగా చూస్తారు.

రాహేలుకి ఈ సంగతి, తాముండే తాకేటా పేటలో, పక్కింటి అప్పలనరసమ్మ చెప్పింది. కాపురానికి వచ్చిన వారంలోనే చెప్పింది, కొత్తగా వచ్చిన మనిషికి ఊరి గురించి తెలియాలి కదా అని.

రాహేలుది భీమిలి. నలభై దాటాక పెళ్ళయింది. పెళ్ళికొడుకు విన్సెంట్ రంగూన్‌లో పుట్టిన తెలుగువాడు, కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. మొదటి భార్య ఖిన్ బర్మావిడ, పోయింది. ఇందులో దాపరికమేమీ లేదు. అయినా రాహేలు ఒక ఆదివారానికి తిరుగు టిక్కెట్టు కూడా కొనుక్కునే విమానం ఎక్కింది. "నచ్చితే ఉంటాను. లేదంటే ఆదివారానికి మీ ఇంట్లో ఉంటాను" అని తమ్ముడికి చెప్పి వచ్చింది. ఆదివారం దగ్గరకొచ్చేసింది. ఆవిడింకా ఏదీ తేల్చుకోలేదు.

ఆ పొద్దున్న విన్సెంట్ చొక్కా ఇస్త్రీ చేసుకుని, "పద, ఊరు చూపిస్తాను" అన్నాడు.

చూపించాడు కూడా. బంగారు గోపురం చుట్టూ, పాలరాతి మీద అరికాళ్ళు కాలేదాకా తిప్పాడు. ఎర్ర ఇటుకల హైకోర్టు ముందు నిలబెట్టి ఫొటో తీశాడు. గడియారం వచ్చింది, రాహేలు తల రాలేదు. ఇంగ్లీషువాళ్ళు కట్టి వదిలేసిపోయిన ఆఫీసులూ, బ్యాంకులూ, వాటి స్తంభాలూ అన్నీ చూపించాడు. ప్రతి మేడ నుంచీ వీధిలోకి తాళ్ళు వేలాడుతున్నాయి, కింద పేపరు తగిలిస్తే పైన లాక్కోవడానికి. ఊరంతా చేదబావిలా ఉందని రాహేలు నవ్వింది. ఊరు నచ్చింది.

ఒక్క మాటే నచ్చలేదు.

"ఇక్కడ మేం బిర్యానీ తినీవోళ్ళం."

"సాయంత్రమైతే ఈ పార్కులోనే మేం కూకునీవోళ్ళం."

మేం అంటే ఎవరెవరో విప్పి చెప్పనక్కర్లేదు. తెలుగులో మనం అని ఇంకో మాట కూడా ఉంది. పొద్దుట్నుంచి అది ఒక్కసారైనా ఆయన నోట రాలేదు. చచ్చిపోయినావిడని చూసి కుళ్ళుకోవడం సిగ్గుచేటని రాహేలుకి తెలుసు. తెలిసే కుళ్ళుకుంది.

పొద్దుగూకుతుంటే ఆయన ఆవిణ్ణి ఒక సందులోకి తీసుకొచ్చాడు. పొట్టి ప్లాస్టిక్ స్టూళ్ళ టీ దుకాణంలో కూర్చోబెట్టాడు. తాను కూర్చోలేదు.

"చిన్న పనుంది. నువ్వు టీ తాగీలోపు ఒచ్చేస్తాను."

"ఏటి పని?"

"చిన్నదే" అన్నాడు. ఎదురుగా ఉన్న మేడలోకి వెళ్ళిపోయాడు.

రాహేలు టీ తాగింది. ఆయన రాలేదు. ఇంకో టీ తాగింది. ఆ తరవాత, వేరే పనేమీ లేక, తలెత్తి మేడని చూసింది.

నాలుగంతస్తులు. గోడలో రావిమొక్క.

అప్పుడే... కరెంటు పోయింది.

సందు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఒక్కసారిగా చీకటైపోయింది. టీ దుకాణమతను గబగబా స్టూళ్ళు ఒకదాంట్లో ఒకటి దూర్చేస్తున్నాడు. రాహేలు మేడకేసి చెయ్యి చూపించి, "మా ఆయన" అంది తెలుగులోనే. అతనికి తెలుగు రాదు. చెయ్యి ఎటు చూపించిందో మాత్రం చూశాడు. తల అడ్డంగా ఊపి, ఆవిడ కూర్చున్న స్టూలు కూడా అడిగి తీసుకుని వెళ్ళిపోయాడు.

ఫోను చూసుకుంది. పగలంతా ఫొటోలు తీయించుకున్న పాపానికి అది ఎప్పుడో చచ్చింది.

ఇంక చేసేదేముంది... రాహేలు మేడలోకి అడుగుపెట్టింది.

చెక్క మెట్లు. నడుమ అరిగిపోయి కాలు జారుతున్నాయి. గోడ పట్టుకుంటే చెమ్మ. మొదటి అంతస్తులో ఎవరింట్లోనో చేపలు వేయించిన వాసన వచ్చి కాస్త ధైర్యమిచ్చింది. రెండో అంతస్తులో ఏ వాసనా లేదు. తలుపులన్నీ మూసి ఉన్నాయి. ఎవరో ఉన్నారు లోపల — ఉన్నారు గానీ, ఊపిరి బిగబట్టుకుని ఉన్నారు.

ఇంకో మెట్టు ఎక్కింది.

"ఆమే..."

రాహేలు ఆగిపోయింది.

పైనుంచే. మగగొంతు. గొంతు కూడా కాదు, ఉత్త గాలి.

"ఆమే... ఆమే..."

చక్కటి తెలుగు. ఇంత దూరం వచ్చాక తెలుగు వినిపిస్తే ప్రాణం లేచొస్తుందని ఆవిడ అనుకునేది. ఇప్పుడు ఉన్న ప్రాణం కూడా జారిపోయింది. ఆమే అంటోంది గొంతు. ఇదిగో, వచ్చింది. ఈ ఆడమనిషే. ఆమే.

తనని ఎవరికో చూపిస్తోంది. ఎవరికో ఊహించడం పెద్ద కష్టం కాదు. ఆ మేం లో ఉన్నావిడకే.

కిందికి పరిగెత్తాలనిపించింది. ఎవరూ తప్పు పట్టరు కూడా. మొగుణ్ణి దెయ్యం తీసుకుపోయిందంటే తమ్ముడు కారేసుకుని విమానాశ్రయానికే వస్తాడు.

కానీ ఆ మనిషి పైనున్నాడు. తల లేకుండా ఫొటోలు తీసే మనిషి. పొద్దున్న బస్సు దిగేటప్పుడు, అందరూ చూస్తున్నా చెయ్యి పట్టుకుని దింపిన మనిషి. ఆయన లేకుండా ఆదివారం విమానం ఎక్కడమనేసరికి రాహేలుకి ఏడుపొచ్చింది. ఆయన తనకి కావాలని ఆ చీకట్లో, ఆ జారుడు మెట్టు మీద ఆవిడకి తెలిసొచ్చింది. పైకే ఎక్కింది.

"ఆమే..."

ప్రార్థన చేద్దామంటే ఒక్క ముక్క గుర్తు రాలేదు. నోటికి వచ్చింది ఒకటే మాట.

"ఏవండీ..." అంది గుసగుసగా.

గొంతు ఠక్కున ఆగిపోయింది.

ఆ తరవాత మూడో అంతస్తు చీకట్లోంచి, చాలా దగ్గరగా —

"పైకి రాకు" అంది.

రాహేలు కెవ్వుమని అరిచింది. లైటరు వెలిగింది.

మూసి ఉన్న తలుపు ముందు, మెట్టు మీద, ఇస్త్రీ చొక్కా నలగకుండా ఒద్దికగా కూర్చుని ఉన్నాడు విన్సెంట్. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"మీరా?"

"నేనే."

"మరి... దెయ్యమేది?"

విన్సెంట్ కాసేపు ఆలోచించాడు. "నేనే అనుకుంటాను" అన్నాడు.

"నన్నెవరికి చూపిస్తన్నారు? ఆమే, ఆమే అని!"

"నిన్ను కాదు. బర్మాలో అమే అంటే అమ్మ." తలుపుకేసి చూశాడు. "ఖిన్ వాళ్ళమ్మ ఇల్లిది. ఆవిడ పేరు డో మ్యా. నేనూ అమ్మనే పిలిచీవోణ్ణి."

ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఊరంతా జ్వరాలతో పడిపోయిన ఏడాది ఖిన్‌కి ఊపిరాడలేదు. ఆక్సిజన్ సిలిండరు కోసం ఆయన లైన్లో నిలబడ్డాడు. తెచ్చేసరికి అంతా అయిపోయింది. పూడ్చిపెట్టిన రోజు ముసలావిడ, నా కళ్ళముందుకి రాకు అంది.

"అందుకే కరెంటు పోయీదాకా ఈ మెట్ల మీద కూకుని, పోయాక పిలుస్తన్నాను" అన్నాడు విన్సెంట్. "చీకట్లో అయితే కళ్ళముందుకి ఒచ్చినట్టు కాదు కదా."

రాహేలు గోడ వదిలి ఇంకో మెట్టు ఎక్కింది.

"మూడేళ్ళు దాటింది. లోపలుంటాది, దగ్గు వినిపిస్తాది. తలుపు తియ్యదు. మళ్ళీ పెళ్ళి చేసుకున్నానని ఎవరో చెప్పేలోపు నేనే చెప్పుకోవాలని... నిన్ను తీసుకొచ్చాను. కానీ అమ్మా అన్నాక ఇంక మాట రాదు నాకు."

జాలేసింది రాహేలుకి. దాని వెనకే చచ్చేంత కోపం వచ్చింది.

"ఊరు చూపిస్తానని తెచ్చింది ఇందుకా? పొద్దుట్నుంచి కాళ్ళరిగేలా తిప్పి, మేం మేం అని ఆవిడనే తలుచుకుని, ఆఖరికి నన్ను చీకట్లో వదిలేసి ఒచ్చేస్తారా? గుండాగి చచ్చిపోతే ఎవరికి చెప్పుకుంటారు? ఆవిణ్ణి తలుచుకోవద్దన్నానా నేను? నాతో చెప్పుకుని ఏడిస్తే ఒద్దన్నానా?"

"మెల్లగా..."

"ఏటి మెల్లగా! తలుపు కొట్టడానికి చెయ్యి లేదా? దొంగలాగ గుసగుసలేటి?"

"నువ్వు గట్టిగా అరవకు, ఆవిడ..."

"అరుస్తాను!"

లోపల గడియ తీసిన చప్పుడైంది.

తలుపు కొంచెమే తెరుచుకుంది. ముందు కొవ్వొత్తి వచ్చింది, దాని వెనక చీపురు, ఆ వెనక ముడతల మొహం. డో మ్యా కొవ్వొత్తి ఎత్తి విన్సెంట్‌ని చాలాసేపు చూసింది. చీపురు తిరగేసి భుజం మీద ఒక్కటి వేసింది. ఇంకోటి వేసింది. మూడోదానికి చెయ్యి లేవలేదు, చీపురు వదిలేసి అతని తల పట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే బర్మాలో ఏదో చెప్పింది, చాలా చెప్పింది.

"ఏటంటన్నారు?" అంది రాహేలు.

విన్సెంట్ ముక్కు తుడుచుకున్నాడు. "కరెంటు పోయినప్పుడల్లా దెయ్యమొచ్చి అమ్మా అని పిలుస్తందట. భయమేసి దుప్పటి కప్పుకుని పడుకుండిపోయీదట. ఇవాళ మొగుడూపెళ్ళాలు తగువులాడుకుంటన్నట్టు వినిపించిందట. దెయ్యాలు ఇలా తగువులాడుకోవు, మనుషులే అనుకుని తీసిందట."

"మరి కళ్ళముందుకి రావొద్దన్నారు కదా?"

విన్సెంట్ ఆ ప్రశ్న బర్మాలో అడిగాడు. ముసలావిడ అతన్ని వింతగా చూసి ఏదో అంది.

"అలా అన్నట్టు ఆవిడకి గుర్తే లేదట" అన్నాడు.

డో మ్యా కొవ్వొత్తి రాహేలుకేసి తిప్పింది. మొహం, మెడలో పుస్తెలూ, చెమటకి తడిసిన చీరా అన్నీ నిదానంగా చూసింది. కూతురి చోటులో నిలబడ్డ మనిషిని ఏ తల్లైనా ఎలా చూస్తుందో రాహేలుకి తెలుసు. తల దించుకుని నిలబడింది. ముసలావిడ ఒకటే మాట అడిగింది.

విన్సెంట్ నీళ్ళు నమిలాడు.

"ఏటన్నారో నిజం చెప్పండి."

"ఇంత పిరికోణ్ణి చూసే చేసుకున్నావా, చూడకుండా చేసుకున్నావా అని."

"చూడకుండానే అని చెప్పండి" అంది రాహేలు, చెప్పులు గుమ్మం బయట విడిచేస్తూ.