స్టోర్స్ నుంచి వెళ్ళిన ఉత్తరం

"ఇది జాకెట్టా, జంపఖానా?"

కౌంటరు మీద దబ్బున పడ్డ బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్‌ను చూసి స్టోర్ కీపర్ ఉలిక్కిపడ్డాడు. ఎదురుగా ఒక అమ్మాయి. అణు విద్యుత్ కేంద్రాన్ని కాపలా కాసే సాయుధ దళంలో, అరవై మంది మగవాళ్ళ మధ్య చేరిన మొదటి ఆడమనిషి.

"అన్నిటికన్నా చిన్న సైజు అదేనండీ."

"భుజం దగ్గర ఎత్తుకొస్తోంది. తుపాకీ ఎక్కడ ఆనించను? ఎవడైనా కంచె దూకితే, జాకెట్ సర్దుకునేదాకా ఆగు బాబూ అనాలా?"

అతనికి నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు.

ఆ వారమంతా అతను పట్టీలు విప్పి, మడిచి, మళ్ళీ కుట్టాడు. ఆమె రోజూ వేసుకుని చూసి పెదవి విరిచేది.

"స్టోర్స్ గారూ, ఈ కుట్టు చూస్తే మా అమ్మ మీకు అన్నం కూడా పెట్టదు."

"పోనీ, మీరు పెట్టండి మేడమ్."

ఆమె చటుక్కున తలెత్తి చూసింది. బయట వాన. గొడుగు లేదని ఆమె పావుగంట ఆగిపోయింది. కౌంటరు కింద ఉన్న తన గొడుగును అతను బయటికి తీయలేదు.

ఎంత కుట్టినా జాకెట్ కుదరలేదు. చివరికి అతను పై ఆఫీసుకు ఉత్తరం రాశాడు: 'ఈ జాకెట్‌తో ఆమె ప్రాణానికి రక్షణ లేదు. ఆడవాళ్ళ కొలతలతో వెంటనే తెప్పించగలరు.' ఆమెకు చెప్పలేదు. కొత్తది వచ్చాకే చేతికిచ్చి ఆశ్చర్యపరుద్దామనుకున్నాడు.

జాకెట్ రాలేదు. ఆర్డరు వచ్చింది. రక్షణ లేనందున ఆమెను దళం నుంచి తప్పించి, సందర్శకుల గేటు దగ్గర పాసులు రాసే పనికి వేశారు.

"మీ ఉత్తరం కూడా జత చేశారు," అంది ఆమె, కాగితం కౌంటరు మీద పెట్టి.

"జాకెట్ కోసం రాశానండీ! మిమ్మల్ని తీసెయ్యమని కాదు."

"జాకెట్ కొనడం కన్నా నన్ను తీసెయ్యడం వాళ్ళకి తేలిక. అందుకే నోరు మూసుకుని ఆ జాకెట్‌తోనే షూటింగ్ పరీక్ష నెగ్గాను. నేను మీకు చెప్పుకున్నాను, వాళ్ళకి కాదు. రాసేముందు ఒక్కమాట నన్ను అడగొద్దూ?"

అతను పరుగున అధికారి దగ్గరికి వెళ్ళాడు. "అమ్మాయి మంచికేనయ్యా! నువ్వేగా రాశావు?" అన్నాడాయన. ఆ తర్వాత రాసిన ఏ ఉత్తరానికీ జవాబు రాలేదు.

రెండు నెలలు పాసులు రాసి, ఆమె మరో కేంద్రంలో పరీక్ష నెగ్గి, అక్కడి దళానికి ఎంపికైంది. వెళ్ళే రోజు అతను బస్టాపుకు వచ్చాడు.

"మీరంటే నాకు ప్రాణం," అన్నాడు గబగబా, మళ్ళీ ధైర్యం చాలదేమోనన్నట్టు.

"తెలుసు. నాకూ అంతే. మా అమ్మతో చెప్పాను కూడా. సరేనంది." ఆమె రోడ్డు వైపు చూసింది. "ఆ మర్నాడే ఆర్డరొచ్చింది."

"అయితే మరి..."

"నన్ను చూస్తే మీరు తల దించుకుంటున్నారు. మిమ్మల్ని చూస్తే నాకు ఆ గేటు గుర్తొస్తోంది. ఇలా ఎలా కలిసి బతుకుతాం, చెప్పండి?"

బస్సు వచ్చింది. ఆమె పెట్టె వైపు చాచిన చేతిని అతను మధ్యలోనే ఆపుకున్నాడు.

"పెట్టె... నేను పెట్టనా?"

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెట్టె అందించింది. అతను దాన్ని ఆమె సీటు పైన సర్ది, కిందికి దిగాడు.

బస్సు కదిలేదాకా కిటికీకి అటూ ఇటూ ఇద్దరూ చూసుకుంటూనే ఉన్నారు. ఆగమనడానికి అతనికి గాని, రమ్మనడానికి ఆమెకు గాని నోరు పెగల్లేదు.