అడగని టీచరమ్మ

"పిల్ల మూగదని చేర్చేటప్పుడే చెప్పుంటే ఏం పోయేదండీ?"

తిరుచానూరు బడికి కొత్తగా వచ్చిన పంకజాక్షి టీచర్ అలా అడిగేసరికి, సైకిల్‌కు పూలబుట్ట కట్టుకుంటున్న ధనంజయ గిరుక్కున తిరిగాడు.

"మూగదా? మా మునిలక్ష్మా? ఇంట్లో దీని వాగుడు తట్టుకోలేక సస్తా ఉండాం టీచరమ్మా! మీరే బెదిరించినారేమో!"

"నేనా!"

ఆరేళ్ల మేనకోడలు మామ చొక్కా వెనక నక్కింది.

పంకజాక్షికి కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ కలిగింది. ఇంట్లో వాగే పిల్ల బడిలో ఎందుకు బిగుసుకుపోతుంది? హెడ్మాస్టరేమో, సెలవుల్లోపు నోరు విప్పకపోతే పేరు కొట్టేసి మూగపిల్లల బడికి పంపుతానని తేల్చేశాడు.

ఆరా తీయకుండా ఉండే మనిషా ఆమె? సాయంత్రం వాళ్లింటికే వెళ్లి వాకిట్లో చెవులు రిక్కించింది. లోపల మునిలక్ష్మి గలగలా కబుర్లు! ఆమె గడప దాటగానే టక్కున ఆగిపోయాయి.

"రోజూ బడికి పోయే ముందర వసకొమ్ము అరగదీసి నాలిక్కి రాస్తానే ఉండాను తల్లీ," అంది ధనంజయ తల్లి తాయమ్మ. "ఇంకొంచెం ఎక్కువ రాయల్లా?"

"అయ్యో అవ్వా! మాటలు రాని పిల్లకు కదా వస? దీనికి మాటలున్నాయి, బడిలో భయానికి బయటికి రావు. పొద్దున్నే ఆ ఘాటు రాసి మాట్లాడు మాట్లాడు అంటే, పాపం, ఇంకా బెదిరిపోదూ?"

"మరేం జేయాల?" అన్నాడు ధనంజయ.

"ఏమీ అడగొద్దు. పక్కన కూర్చుంటే చాలు."

ఆ మర్నాటి నుంచి బడి వదిలాక, ఖాళీ తరగతిలో ముగ్గురూ మల్లెలు కట్టారు. పిల్ల మామతో మాట్లాడుతుంటే, పంకజాక్షి దూరంగా, వీపు తిప్పుకుని కూర్చునేది. పోనుపోను కొంచెం కొంచెంగా వాళ్ల దగ్గరికి జరిగింది.

"టీచరమ్మా, అది మాలా? మేక కూడా ముట్టదు!" అన్నాడు ధనంజయ.

మునిలక్ష్మి పకపకా నవ్వింది. బడిలో మొదటిసారి! ఆ తర్వాత, టీచరుకు చెప్పమని మామ చెవిలో గుసగుసలు మొదలయ్యాయి.

"ముడి గట్టిగా లాగాలంట టీచరమ్మా!"

అలా మాటలు మోసీ మోసీ, మోసేవాడికే ఆ మూగజబ్బు పట్టుకుంది. సెలవులకు ముందురోజు ధనంజయ, "టీచరమ్మా... మీతో ఒక మాట..." అని ఆగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఏమిటండీ? చెప్పండి! వీధంతా వినపడేలా పూలమ్మే గొంతేమైంది?"

"అడగొద్దు టీచర్!"

గది ఖంగుమంది. అన్నది మునిలక్ష్మే!

"అడిగితే రాదు. పక్కన కూర్చో, సాలు."

పంకజాక్షి కళ్లు నిండిపోయాయి. అటుగా వచ్చిన హెడ్మాస్టరు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఈ పిల్ల పేరా నేను కొట్టేస్తానంది!" అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

పంకజాక్షి లేచి ధనంజయ పక్కన కూర్చుంది. ఏమీ అడగలేదు. మూరెడు మాల పూర్తయ్యాక అతనే అన్నాడు.

"మా అమ్మను... మీ నాయనతో మాట్లాడమని పంపేదా?"

ఈసారి టీచరమ్మకే నోరు పెగల్లేదు. వంగి మునిలక్ష్మి చెవిలో ఏదో చెప్పింది.

"మామా!" అని పిల్ల అరిచింది. "పంపమంటా ఉండాది!"