దొరగారికి ఒంట్లో బాగాలేదు

"మీరు లిల్లీలు అమ్ముతారా, అమ్మరా?"

కళ్లజోళ్ల షాపులో కళ్లు పరీక్షించే అమ్మాయి అలా నిలదీసేసరికి రోడ్డు మీద పోతున్న ఇద్దరు ఆగి చూశారు. మామూలుగా ఆమె గొంతు ఎదుటి కుర్చీ దాటదు. ఆ ఉదయం మాత్రం ఒళ్లు తెలియని కోపంలో ఉంది.

ఎదురు షాపు పూలబ్బాయి గులాబీ కాడలు కత్తిరిస్తున్నవాడు కత్తెర ఆపాడు. "అమ్ముతానండీ. ఎన్ని కావాలి?"

"నాకేం అక్కర్లేదు. రోజూ మీ షాపులో కాళ్లు బారజాపుకుని పడుకుంటుందిగా ఓ నల్లపిల్లి, అది చావుబతుకుల మధ్య ఉంది. దండల్లో కట్టే లిల్లీ కాదు, బొకేల్లో పెట్టే పెద్ద లిల్లీ ఆకు కొరికిందట. పిల్లులకి అది విషం. కిడ్నీలు దెబ్బతింటున్నాయన్నారు డాక్టరమ్మ."

అతని ముఖం పాలిపోయింది. "మా పెద్దమనిషికా?"

"మీ పెద్దమనిషేంటి? వాడు మా దొర."

పూలబ్బాయి ఏదో చెప్పబోయి, ఆమె కళ్లు ఎర్రగా ఉబ్బి ఉండటం చూసి ఊరుకున్నాడు. చేతులు కడుక్కుని షట్టరు దించేశాడు. "తప్పు నాదే అనుకోండి. ముందు ఆసుపత్రికి పదండి."

ఆమె ఇంకా పది మాటలు అందామని సిద్ధపడి వచ్చింది. అనడానికి చోటే దొరకలేదు.

పశువుల ఆసుపత్రి వెనకగదిలో, ఇనుప బోనులో దొర ఒక పక్కకి పడి ఉన్నాడు. ముందుకాలికి నీలం కట్టు, అందులోంచి సెలైన్ గొట్టం. మీసాల మీద పసుపు పుప్పొడి ఇంకా అంటుకునే ఉంది. డాక్టరమ్మ ఉన్న మాట చెప్పేసింది. "సెలైన్ ఎక్కుతోంది సరే, వీడు మూత్రం పొయ్యాలి. పోస్తే గండం గడిచినట్టే. పొయ్యకపోతే మాత్రం ఆశ పెట్టుకోవద్దు. ఎవరో ఒకరు దగ్గర కూర్చుని ట్రే చూస్తుండండి."

అలా ఇద్దరూ వంతులు వేసుకున్నారు. పొద్దున షాపు తెరిచేదాకా ఆమె, పూల బేరాలు పలచబడే మధ్యాహ్నం అతను. సాయంత్రం మాత్రం ఎవరి వంతో తేలక ఇద్దరూ కూర్చున్నారు.

"ఇంట్లో మహా గంభీరం. ఎత్తుకుంటే గోళ్లు చూపిస్తాడు," అంది ఆమె.

"నా దగ్గర అదేం లేదే. ఖాళీ బకెట్లో కూర్చుని పొట్ట గోకమంటాడు."

"పొట్టా?" ఆమెకి ఉక్రోషం వచ్చింది. "నాలుగేళ్లలో నన్ను ఒక్కసారి ముట్టుకోనిచ్చిన పాపాన పోలేదు."

అతను నవ్వాపుకున్నాడు. ఆమెకీ నవ్వొచ్చింది. మరుక్షణం ఇద్దరి కళ్లూ పొడిగా ఉన్న ట్రే మీదికే పోయాయి.

రెండోరోజు సాయంత్రం స్నానం చేసి వద్దామని ఆమె ఇంటికి వెళ్లింది. దొర కింద పరవడానికి పాత తువ్వాలు కావాలని తండ్రి గది బీరువా తెరవబోతే, పక్కనే మూలకి నెట్టిన బకెట్‌లో బొకే కనిపించింది. బాకాల్లా విచ్చుకున్న తెల్లని లిల్లీలు. కింది ఆకులకి పంటి గాట్లు.

"నాన్నా, ఇవెక్కడివి?"

తండ్రి తలుపు దగ్గరే ఆగిపోయాడు. "నిన్న నీ పుట్టినరోజు కదమ్మా. పొద్దున్నే ఇద్దామని ముందురోజు తెచ్చి దాచా. తీరా దొరకి అలా అయ్యేసరికి సంగతే మర్చిపోయా." ఆమె ముఖం చూశాక ఆయనకి అర్థమైంది. "ఇవేనా లిల్లీలంటే? నాకేం తెలుసమ్మా, తెల్లగా బాగున్నాయని తెచ్చా."

ఆయన మంచం అంచున కూలబడ్డాడు. ఆమె కోప్పడలేకపోయింది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. తన పుట్టినరోజని ఆమెకే గుర్తులేదు.

ఆసుపత్రికి తిరిగి వచ్చేసరికి వాన మొదలైంది. పూలబ్బాయి బోను ముందు నేలమీద కూర్చుని ఉన్నాడు.

"మిమ్మల్ని అన్యాయంగా తిట్టాను. ఆ పూలు మా ఇంట్లోవే."

"తెలుసండీ."

"ఎప్పట్నించి?"

"మీరు షాపుకొచ్చి అరిచినప్పట్నించే. ఈ వారం నాకు వచ్చినవి ఆ నాలుగు లిల్లీలే. మీ నాన్నగారే తీసుకెళ్లారు. మీకు మధ్యాహ్నం క్యారియర్ తెచ్చేది ఆయనేగా, గుర్తుపట్టా. పిల్లులకి విషమని నాకూ తెలీదు, తెలిస్తే అమ్మేవాణ్ణే కాదు."

"మరి చెప్పలేదేం?"

"చెబితే మీరు ఆయన్ని అంటారు. తర్వాత అన్నందుకు మిమ్మల్ని మీరే తిట్టుకుంటారు. నన్నయితే ఎంత తిట్టినా ఫర్వాలేదుగా. ఇంకో సంగతి కూడా..."

అతని మాట సగంలో ఆగిపోయింది. చూపు బోను వైపు వెళ్లింది. దొర లేచి, వణుకుతున్న కాళ్లమీద ఓపిగ్గా కూర్చున్నాడు. ట్రేలో పరిచిన కాగితం మెల్లగా తడిసింది, ఆ తడి అంచులదాకా పాకింది.

"డాక్టరుగారూ, పోశాడు," అని పిలుస్తూ ఆమె పూలబ్బాయి చేతులు రెండూ పట్టేసుకుంది. డాక్టరమ్మ వచ్చి చూసి, కళ్లజోడు తీసి నుదురు తుడుచుకుంది. "ఇంక మీరిద్దరూ కాస్త ఊపిరి పీల్చుకోండి," అంది. అప్పుడు గాని ఆమె అతని చేతులు వదల్లేదు.

పదిరోజుల తర్వాత ఆఖరి రక్తపరీక్ష కూడా బాగా వచ్చింది. దొరని బుట్టలో పెట్టుకుని ఇద్దరూ ఇంటికి తెచ్చారు. వాడు నేరుగా వెళ్లి సోఫా ఎక్కి, ఎవరూ తెలియనట్టు పడుకున్నాడు.

"ఆరోజు ఇంకో సంగతన్నారు," అని అడిగింది ఆమె.

అతను గోడవైపు చూశాడు. "తప్పు నాది కాదని తేలితే మీతో కూర్చునే వంక పోతుందని."

"వంకలు మీకు కొత్తా? ఈ ఏడాదిలో మూడుసార్లు కళ్లు చూపించుకున్నారు. మీ చూపుకి వీసమెత్తు లోపం లేదు. పరీక్ష చేసింది నేనే, నాకు తెలీదా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "మరి మూడోసారి కూడా ఎందుకు కూర్చోబెట్టారు?"

"వస్తున్నారు కదాని," అంది ఆమె, దొర తోక సవరిస్తూ.

తండ్రి టీ కప్పులు తెచ్చి బల్లమీద పెట్టాడు. పూలబ్బాయిని కాసేపు ఎగాదిగా చూశాడు. "బాబూ, మీ అమ్మగారికి ఏ రోజు తీరిక? ఒకసారి వచ్చి మాట్లాడదామని."

"ఆదివారం," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

ఆయన కూతురి వైపు తిరిగాడు. "వాళ్లమ్మగారి తీరిక నీకెలా తెలుసే?"

ఆమె ఎవరూ ఇంకా తాగని టీ కప్పులు తీసుకుని గబగబా లోపలికి వెళ్లిపోయింది.