ఒడి ఖాళీగా ఉన్న తల్లి

పట్నం పోయే దారిలో ఒక మలుపు దగ్గర జనం రావడం మానేసిన పాత చర్చి ఒకటి ఉంది. చీకటిపడ్డాక అక్కడ ఎవరూ బండి ఆపరు. లోపల గోడకు చెక్కతో చేసి రంగులేసిన తల్లీబిడ్డల బొమ్మ ఉందట. రాత్రిపూట ఆ తల్లి ఒడిలో బిడ్డ ఉండడట… కళ్లారా చూశామని ఒట్టేసేవాళ్లు కొందరు. నిక్షేపంగా ఉన్నాడు, మేమూ చూశామని పోట్లాడేవాళ్లు కొందరు.

సరిగ్గా అక్కడే, క్రిస్మస్ ముందురోజు, పొద్దుగూకే వేళ ఒక బండి ఆగిపోయింది.

బండిలో ఉన్నది బట్టలు కుట్టే ఒక అమ్మాయి, ఆమె ఆడపడుచు. అమ్మాయి కడుపు మీద కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. నెలలు నిండకుండా పుట్టిన కూతుర్ని పుట్టీపుట్టగానే పట్నం ఆస్పత్రికి పట్టుకుపోయారు, అద్దాల పెట్టెలో పెట్టడానికి. భర్త వెంట వెళ్లాడు. ఈమె బిడ్డను ఒక్కసారైనా ఎత్తుకోలేదు. తీసుకుపోతుంటే గుడ్డలోంచి చిట్టి మడమ ఒకటి కనిపించింది… అంతే.

పొద్దున భర్త ఫోన్ చేసి, పాపకు ఊపిరి అందడం లేదు, తొందరగా రమ్మన్నాడు. ఆ తర్వాత ఫోన్ కలిస్తే ఒట్టు.

డ్రైవరు బానెట్ ఎత్తాడు, దించాడు, మళ్లీ ఎత్తాడు. ఎక్కడైనా నిలబడండి గానీ ఆ గుమ్మం మాత్రం తొక్కొద్దన్నాడు.

"ఈ చలిలో మా వదినను నీ నెత్తిన కూర్చోబెట్టనా మరి?" అని గొణిగి, ఆడపడుచు ఫోన్ పైకెత్తి పట్టుకుని సిగ్నల్ కోసం రోడ్డు పక్క గట్టు మీదికి ఎక్కింది.

అమ్మాయి నిలబడలేకపోయింది. గోడ పట్టుకుని, మెల్లగా… ఆ గుమ్మంలోకే నడిచింది.

లోపల చిన్న దీపం. ఎవరు పెట్టారో! దాని వెలుగులో నీలిరంగు ముసుగు, బంగారు అంచు. కుట్టేవాళ్ల కన్ను కదా, మడతల వెంటే కిందికి జారింది. చేతుల దాకా వచ్చి ఆగింది—

ఒడిలో బిడ్డ లేడు.

బిడ్డంత గుంట ఉంది. తల ఆనే చోట గుండ్రంగా, కాళ్లు ముడుచుకునే చోట సన్నగా…

నా కూతురి సంగతే చెబుతోందా ఈ బొమ్మ? పారిపోదామంటే కుట్లు లాగాయి. అక్కడే కూలబడి, చూడక తప్పక, చూస్తూ ఉండిపోయింది.

చూడగా చూడగా… ఆ చేతులు దిగలేదని కనిపెట్టింది. బిడ్డ లేకపోయినా బరువు మోస్తున్నట్టే ఉన్నాయి. ముఖంలో ఏడుపు లేదు. ఎదురుచూపే.

"నువ్వూ నాలాగేనా, అమ్మా?" అంది గుసగుసగా.

వెనక చెప్పుల చప్పుడు.

గుడ్డమూట ఒకటి గుండెకు హత్తుకుని, ముసలావిడ. చర్చి ఊడ్చేది తానేనంది.

"దడుచుకున్నావా తల్లీ? క్రిస్మస్‌కు నెల ముందు బిడ్డను తీసి ఇంటికి పట్టుకుపోతాను. పుట్టకముందే ఒడిలో ఎలా ఉంటాడు? ఇవాళ మళ్లీ పెడతాను. మా అత్తగారి నాటి పద్ధతి."

ఇదా దెయ్యం! ఆ నెలలో చూసినవాళ్లకు ఒడి ఖాళీ, మిగతావాళ్లకు నిండు. అమ్మాయి నవ్వబోయి భోరుమంది.

ముసలావిడ మూట విప్పి చెక్కబిడ్డను ఆమె చేతుల్లో పెట్టింది. "నా చేతులు వణుకుతున్నాయి. నువ్వు పెట్టు."

పసికందును ఎత్తుకున్నట్టే, మెడ కింద చేయి వేసి ఎత్తుకుంది. మడమను నిమిరింది. పాత బంగారు పూత పొడిపొడిగా వేళ్లకు అంటుకుంది. వదలబుద్ధి కాలేదు… బయట హారన్ మోగేదాకా. వేరే బండి దొరికింది. బిడ్డను తల్లి ఒడిలో సర్ది, వెనక్కి చూడకుండా వచ్చేసింది.

తెల్లారి ఆస్పత్రిలో నర్సు ఆమె చేతులు మోచేతుల దాకా సబ్బుతో రుద్దించింది. బంగారు పొడి నురగలో కొట్టుకుపోయింది. భర్త కళ్లు వాచి ఉన్నాయి. నిన్న పొద్దుగూకే వేళ పాప ఊపిరి ఆగిందట. డాక్టర్లు చేతులెత్తేశారట. అంతలో దానంతటదే… ఎవరో ఎత్తుకుని ఊరుకోబెట్టినట్టు… సర్దుకుందట.

అద్దానికి ముఖం ఆనించి చూసింది. పాప నిద్రపోతోంది. గుడ్డలోంచి చిట్టి మడమ బయటికొచ్చింది. దాని మీద ఏదో మెరిసింది.

నర్సు వంగి చూసి, గొంతు తగ్గించి అడిగింది. "ఈ బంగారు పొడి ఎక్కడిది? మేం చేతి తొడుగుల్లేకుండా ముట్టుకోమే…"

అమ్మాయి చేయి ఇంకా పెట్టెలోకి పోనే లేదు.